మంచం కింద మనిషి

మా చెల్లెలు ఫోను చేసి "అన్నయ్యా, పాపకి ఎలాంటి మంచం కొనమంటావు?" అని అడిగిన పొద్దుటే, అరకులో మా పాత ఇంటి ఓనరు పోయాడని తెలిసింది. చెల్లెలు విశాఖపట్నంలో ప్రసవించి ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. పాపని ఇంటికి తెచ్చేసరికి మంచం సిద్ధంగా ఉండాలంటుంది. నాలుగైదు ఫొటోలు పంపింది. చక్రాలున్నది ఒకటి, ఊగేది ఒకటి, దోమతెర ఉన్నది ఒకటి, ఒక పక్క ఊడదీసి పెద్దవాళ్ల మంచానికి ఆనించేది ఇంకొకటి. "నీకు అనుభవం ఉంది కదా, ఏదో ఒకటి చెప్పు" అంది.

అనుభవం, నా మొహం. అనుభవమైతే ఉంది. దానివల్ల నాకు ఏం తెలిసిందో మాత్రం ఈరోజుకీ తెలియదు. ఆ ఫొటోలు చూస్తుంటే నాకు మంచాలు కనబడలేదు. మంచం కింద వెల్లకిలా పడుకుని, ఖాకీ చొక్కా జేబులోంచి చిల్లర రాలిపోతున్నా పట్టించుకోకుండా పైకి చూస్తున్న ముసలాయన కనబడ్డాడు.

ఆయన్ని మేము బాబాయ్ అనేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు. శృంగవరపుకోట దగ్గర మనిషి. జీవితమంతా ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపి, రిటైరయ్యాక "కిందకి దిగితే ఉక్క బాబూ" అని అరకులోనే రెండు వాటాల ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. ఒక వాటాలో ఆయన ఒక్కడే. భార్య అప్పటికే పోయింది, కూతురు శృంగవరపుకోటలోనే కాపరం. రెండో వాటాలో నేనూ మా ఆవిడా. నేను హుకుంపేట దగ్గర బళ్లో మేస్టర్ని. మా ఆవిడ అరకులోనే నర్సు.

బస్సు దిగిపోయాడు గానీ బస్సు ఆయన్ని వదల్లేదు. ఇంటి మూల తిరిగేటప్పుడు తప్పకుండా దగ్గేవాడు. మొదట్లో జలుబనుకున్నాను. అడిగితే "మలుపు కాడ హారన్ కొట్టాల గదేటి, అవతలోడికి తెలవొద్దా?" అన్నాడు. కుర్చీలో కూచుని కబుర్లు చెప్తుంటే కుడికాలు నేలని తొక్కుతూ ఉండేది. కథలో ప్రమాదం దగ్గర పడేకొద్దీ గట్టిగా తొక్కేవాడు. ఎవరింటికి వెళ్లినా కుర్చీ కనబడగానే కూలబడేవాడు కాదు. ముందు వంగి దాని కింద చూసేవాడు. మంచమైతే ఏకంగా కింద దూరిపోయేవాడు. "పైన రంగు ఎవుడైనా ఏత్తాడు బాబూ. కింద సూడాల."

చూసి బయటికొచ్చి ఏం చెప్పేవాడంటే, అక్కడే నాకు ఒళ్లు మండేది. "బాగుంది గానీ బాగోనేదు" అనేవాడు. దేని గురించి అడగండి, అదే మాట. కొత్త ఎమ్మెల్యే ఎలా ఉన్నాడు? బాగుంది గానీ బాగోనేదు. కూరలో ఉప్పు? బాగుంది గానీ బాగోనేదు. ఒకసారి మా ఆవిడ పట్టుబట్టింది. "బాబాయ్, ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా?" ఆయన కాసేపు నమిలి "ఎక్కువే. నీకు మాత్రం తక్కువ" అన్నాడు. మా ఆవిడకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. లెక్కల మేస్టర్ని, ఒక ప్రశ్నకి ఒక జవాబుండాలనుకునేవాణ్ణి.

వాళ్ల వాటాలో మంచి టేకు మంచం ఉండేది. దాని మీద బియ్యం బస్తా, కాఫీ గింజల గోనె, మడతపెట్టిన రగ్గులు. ఆయన మాత్రం అరకు చలిలో కింద చాప మీద పడుకునేవాడు. ఎందుకని ఒకసారి అడిగితే నడుం నొప్పి అన్నాడు. ఇంకోసారి నల్లులు అన్నాడు. మూడోసారి "మంచమంటే నాకు గిట్టదులే" అని మాట మార్చేశాడు.

మా పాప నెల ముందే పుట్టేసింది. రెండు కిలోలకి కాస్త పైన. అది డిసెంబరు. పొద్దున్న ఎనిమిదైనా ఎదురింటి గోడ కనబడనంత మంచు. మా ఆవిడకి అమ్మ లేదు, పుట్టింటికి వెళ్దామంటే అక్కడ చూసేవాళ్లు లేరు. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో ఘాట్ ఎక్కలేనని ఫోన్లోనే ఉండిపోయింది. పాపని తీసుకుని మేమిద్దరమే ఇంటికొచ్చాం. వచ్చీ రాగానే మా ఆవిడ మొదటి మాట, "మీరు ఈ మంచం మీద పడుకోడానికి వీల్లేదు."

ఆవిడ మాటకి కారణం ఉంది. నేను నిద్రలో కాళ్లు విసిరేస్తాను. మీద కొండ విరిగిపడినా లేవను. అంతకుముందు చలికాలంలో ఆవిడ పనిచేసేచోటికి ఒక పసిబిడ్డని తెచ్చారు. తల్లికీ తండ్రికీ మధ్య, రెండు రగ్గుల కింద వెచ్చగా పడుకున్న బిడ్డ. వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. ఆ సంగతి ఆవిడ నాకు ఒక్కసారే చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. పాపకి విడిగా పడక కావాలి, పరుపు గట్టిగా ఉండాలి, దిండు ఉండకూడదు, రగ్గు ఉండకూడదు, పక్కల సందులు ఉండకూడదు, వెల్లకిలా పడుకోబెట్టాలి. ఇదీ మా ఆవిడ లెక్క. మా అమ్మ లెక్క వేరు. "ఆ గుంటని ఒంటరిగా పడుకోబెడతారేట్రా, సలికి గడ్డ కట్టీదా? పాత సీర దూలానికి కట్టు, అదే వెచ్చన" అనేది ఫోన్లో. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. రెండింటి మధ్య నేను వంటింట్లో చాప వేసుకున్నాను. మా ఆవిడ పాపని పక్కలో వేసుకుని గోడకి చేరబడి కూచునే కునికేది. నిద్ర పట్టేస్తుందని భయం. అలా ఎన్నాళ్లు కూచుంటుంది?

పుట్టకముందే కొని ఉంచుకోవచ్చు కదా అంటారేమో. కొనబోయాం. బాబాయే అడ్డం పడ్డాడు. "బిడ్డ పుట్టకముందే కుల్లాయి కుట్టినట్టు, అదేటి మేస్టారూ. కాళీ మంచం ఇంట్లో ఉండకూడదు" అన్నాడు. సరే అని మానేశాం. పాప పుట్టాక అదే మనిషి గుమ్మంలో నిలబడి "ఇంకా మంచం కొననేదేటి? నర్సమ్మ మనిసి సిక్కిపోతంది, బేగి కొనాల" అన్నాడు.

"మీ ఇంట్లో పెద్దోలు నేరు. నానొత్తాను పద" అని ఆయనే బయల్దేరదీశాడు. ఊళ్లో ఫర్నిచర్ షాపుకి వెళ్లాం. నిగనిగలాడే చిన్న మంచం ఒకటి చూపించారు. షాపాయన దాని గొప్పలు చెప్తూ ఉండగానే మా బాబాయ్ మాయమయ్యాడు. చూస్తే కిందనుంచి రెండు కాళ్లు బయటికున్నాయి. రోడ్డు మీద పాడైన బస్సు కింద దూరినట్టు దూరాడు. గోటితో కొట్టి వింటున్నాడు, వేలితో తడుముతున్నాడు. షాపాయన నావైపు చూశాడు. నేను గోడమీదున్న కేలండర్ వైపు చూశాను. చాలాసేపటికి ఆ కింద నుంచే అడిగాడు, "ఇందల బిడ్డ పడుకుంటే, కింద ఎవులు పడుకుంటారు?"

"కింద ఎవరు పడుకుంటారండీ? ఎవరూ పడుకోరు" అన్నాడు షాపాయన.

"మరి ఇరిగితే ఎవులు పట్టుకుంటారు?"

షాపాయన మళ్లీ నావైపు చూశాడు. బాబాయ్ బయటికి పాక్కుంటూ వచ్చి, వీపు దులుపుకుని, "బాగుంది గానీ బాగోనేదు" అన్నాడు. ఇంటికొచ్చేశాం.

శుక్రవారం సంతకి తీసుకెళ్లాడు. చింతపండు, అల్లం, పిప్పళ్లు దాటుకుని చివర వెదురు సామాన్లు అమ్మేచోటుకి వెళ్లాం. కొండమీద పల్లె నుంచి వచ్చిన ఒకామె, వీపుకి బిడ్డని గుడ్డతో కట్టుకుని బుట్టలు సర్దుతోంది. బాబాయ్ అన్నీ తిరగేసి ఒకటి ఎంచాడు. గుండ్రంగా, లోతుగా, గాలాడే కన్నాలతో ఉంది. "ఇది సూడు మేస్టారూ. పడదు, ఇరగదు, గాలాడతాది. దొడ్డది" అని మెచ్చుకుని బేరానికి దిగాడు. ఆవిడ ఎన్ని కోళ్లున్నాయని అడిగింది. కోళ్లేమిటి, పాపని పడుకోబెట్టడానికి అన్నాడు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లకి వాళ్ల మాటలో ఏదో చెప్పింది. అందరూ మమ్మల్ని చూసి నవ్వారు. అది కోడిపిల్లల్ని మూసే గంప.

"పిల్లకి ఏరే మంచం ఎందుకు? ఇదిగో, ఈపు ఉంది కదా" అంది ఆమె, వెనక్కి చెయ్యి పెట్టి బిడ్డ పిర్రల మీద తట్టి. ఆ బిడ్డ హాయిగా నిద్రపోతోంది. నాకు సిగ్గేసింది, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆవిడ వీపు ఆవిడకి ఉంది, మా ఆవిడ వీపు గోడకి ఆనుకుని అరిగిపోతోంది. దారిలో బాబాయ్ తగ్గలేదు. "కోడిపిల్ల ఉన్నకాడ గుంట ఉండనేదేటి? బాగుంది ఆ గంప" అన్నాడు. ఇల్లు చేరే మలుపులో దగ్గి, "బాగోనేదులే. ఎదురు పేడు గుచ్చుకుంటాది" అన్నాడు.

ఇక లాభం లేదని మా ఆవిడే ఫోన్లో వెతికి ఆర్డరు పెట్టేసింది. ఆవిడ చెప్పిన లెక్కలన్నీ అందులో ఉన్నాయి. పాప తల దూరనంత దగ్గర దగ్గరగా కటకటాలు, గట్టి పరుపు, నాలుగు వైపులా సందు లేకుండా. పెట్టె ఘాట్ ఎక్కి వచ్చింది. నేను బొమ్మల కాగితం ముందేసుకుని స్క్రూలు బిగిస్తుంటే బాబాయ్ కుర్చీలో కూచుని బ్రేకు తొక్కుతున్నాడు. అంతా అయ్యాక కింద దూరాడు. పరుపుని మోసే పలకలు అడ్డంగా ఉన్నాయి, తెల్లగా, సన్నగా. అక్కడ ఎంతసేపున్నాడంటే నిద్రపోయాడేమో అనుకున్నాను. వచ్చి ఎప్పటి మాటే అన్నాడు.

"బాబాయ్, దయచేసి రెండింట్లో ఒకటి చెప్పండి" అన్నాను.

"రెండూ సెప్పినాను గదా బాబూ."

మర్నాడు పాపని మంచంలో వెయ్యాలనుకున్నాం. మాలో ఒక ఆచారం ఉంది. పిల్లని కొత్త ఉయ్యాల్లో వేసేముందు పొత్రం వేస్తారు. సన్నికల్లు మీద నూరే చిన్న రాయి, పిడికిలికి కాస్త పెద్దది. దాన్ని కడిగి, పసుపు రాసి, గుడ్డ చుట్టి, ముందు దాన్ని పడుకోబెట్టి రెండు ఊపులు ఊపి తీసేస్తారు. రాయిలా గట్టిగా బతకాలని అంటారు కొందరు. ఏదైనా కీడుంటే రాయికి పోతుందని అంటారు ఇంకొందరు. మా చెల్లెల్ని ఉయ్యాల్లో వేసినప్పుడు మా అమ్మ ఆ రాయికి ముద్దు కూడా పెట్టింది. నాకు బాగా గుర్తు. మాకు సన్నికల్లు లేదు, మిక్సీ ఉంది. బాబాయ్ "పొత్రం నాను తెత్తాను" అంటే సంతోషించాను. పెద్దవాళ్లు చేసే పని ఒక్కటైనా ఆ ఇంట్లో జరుగుతుందనుకున్నాను.

పొద్దున్నే దగ్గు వినబడింది. మూల తిరిగి వచ్చాడు. తలంటుకుని, ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని, వాళ్లావిడ పాత చీరలో చుట్టిన దేన్నో పొట్టకి ఆనించి పట్టుకుని, రెండు కాళ్లూ ఎడంగా వేస్తూ నడుస్తున్నాడు. అది సన్నికల్లు రాయి కాదు. రుబ్బురోట్లో పప్పు రుబ్బే పొత్రం. పెళ్లిళ్లకి గారెలపిండి రుబ్బడానికి ఇద్దరు ఆడవాళ్లు కూచుని తిప్పుతారే, అది.

"బాబాయ్, అది కాదు. చిన్నది" అన్నాను. లేచి వెళ్లేలోపే ఆయన మంచం దగ్గరికి చేరిపోయాడు. వంగాడు. కటకటాల మీంచి లోపలికి దించుతున్నాడు. ఇక్కడ ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను, అయినా చెప్పలేను. ఆయన చేతులు వణికి జారిందా, ఆయనే వదిలేశాడా? ఒక్కోసారి అలాగా ఒక్కోసారి ఇలాగా కనబడుతుంది. ఫట్‌మని పలకలు విరిగాయి. పరుపు మధ్యకి మడతపడింది. రాయి పరుపుతో సహా నేల మీదకి దిగి, చీర కొంగు పైకి తేలి ఉంది.

మా ఆవిడ పాపని ఒళ్లో పెట్టుకుని గోడవారన కూచుని ఉంది. పాప ఉలిక్కిపడి ఏడవడం మొదలెట్టింది. బాబాయ్ ఆ గొయ్యి వైపే చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు, "ఇరిగితే ఇప్పుడే ఇరగాల" అన్నాడు. తర్వాత కింద కూలబడి తల మీద చేతులు పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడుపు, పాప ఏడుపు. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో నాకు అర్థం కాలేదు.

మా ఆవిడ అరవలేదు. "రెండు కేజీల పిల్ల పడుకునే మంచం బాబాయ్ అది. ఇరవై కేజీల రాయి ఎందుకు వేశారు?" అని మాత్రం అడిగింది. ఆయన లేచాడు. రాయిని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. సాయంత్రం గుమ్మంలో నిలబడి "నానే ఇరగ్గొట్టీసినాను నర్సమ్మా, నా సేతులిరిగిపోను" అన్నాడు. మర్నాడు పొద్దున్న అదే గుమ్మంలో నిలబడి, ముఖం వెలిగిపోతుంటే, "సూసినావా మేస్టారూ, అది మోసీ మంచం కాదు. ఆ గుంట పడుకున్నాక ఇరిగుంటే?" అన్నాడు.

మా ఇంట్లో అంతకంటే అన్యాయం. కావాలనే వదిలేశాడని మా ఆవిడ, కాదు జారిందని నేను, ఆ రాత్రంతా వాదించుకున్నాం. మర్నాటికి వాదన మారిపోయింది. పాపం ముసలాయన, చేతులు వణికాయి అని ఆవిడ. కాదు, మన మంచం విరగాలనే తెచ్చాడని నేను. మంచం ఎందుకు విరిగిందో కూడా తేలలేదు. నాసిరకమా? నేను స్క్రూలు సరిగా బిగించలేదా? రాయి వేస్తే ఏ మంచమైనా విరుగుతుంది కదా? అలా అనుకుని ఒక నిమిషం నిమ్మళించేవాణ్ణి. మరుక్షణం, పలకలు అంత సన్నగా ఎందుకున్నాయి అనిపించేది. ఇంకో మంచం కొనడానికి మాత్రం ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. మా ఆవిడ కళ్ల కింద నలుపు చెంపలదాకా దిగింది. ఒకరోజు పాలిస్తూనే పక్కకి ఒరిగిపోతే, నేను చూసి పాపని అందుకున్నాను. ఆవిడ లేచి నన్ను కాదు, తన చేతుల్ని చూసుకుంది. ఆ చూపు నాకు ఇప్పటికీ భయమే.

ఆ తర్వాతే బాబాయ్ ఒక చెక్క తెచ్చాడు. బరువైన పలక. పాత బస్సుల వెనకసీటు కింద ఉండేదట, డిపోలో తెలిసినవాళ్లని అడిగి తెచ్చానన్నాడు. విరిగిన పలకల స్థానంలో దాన్ని బిగిద్దామని ఇద్దరం కుస్తీ పట్టాం. మందం ఎక్కువ, గాడిలో పట్టదు. పట్టించాలంటే మంచం కోయాలి. పోనీ చెక్క కోద్దామంటే పక్కల సందు వస్తుంది, సందు ఉండకూడదని నర్సమ్మ ఆర్డరు. మధ్యాహ్నం దాకా ఎత్తడం దింపడం. ఆఖరికి విసుగెత్తి నేను చెక్కని నేలమీద పడేశాను. బాబాయ్ మంచం కాళ్లు ఊడదీసి, ఉత్త కటకటాల చట్రాన్ని తెచ్చి దాని చుట్టూ దించేశాడు. చెక్క దాని లోపల అతికినట్టు కూచుంది.

ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. అది మంచం కాదు. కాదనడానికీ లేదు.

అప్పుడాయన పంచె ఎగ్గట్టి, కటకటాలు దాటి, ఆ చెక్క మీద పడుకున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, కళ్లు మూసుకున్నాడు. కుడిపాదం మాత్రం కటకటాలని తొక్కుతోంది. కాసేపటికి ఆ తొక్కడం ఆగింది. నేను ఆయన కాలు ఆగడం చూడటం అదే మొదటిసారి. కింద దూరి చూడటానికి ఆ మంచానికి కింద లేదు.

"ఇది పడదు బాబూ. పడ్డానికి కింద ఏటీ నేదు" అన్నాడు కళ్లు తెరవకుండా. "బాగుంది."

నేను ఎదురుచూశాను. మా ఆవిడ కూడా ఎదురుచూసింది. రెండో మాట రాలేదు. మా ఆవిడ నవ్వింది. పాప పుట్టాక ఆవిడ నవ్వడం నాకు అదే గుర్తు. పరుపు పరిచి, పాపకి రెండు స్వెట్టర్లు వేసి, రగ్గు లేకుండా, దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టింది. పక్కనే చాప వేసుకుని, కటకటాల్లోంచి ఒక వేలు పాప అరచేతిలో పెట్టి, సాయంత్రం దాకా నిద్రపోయింది. బాబాయ్, నేనూ చప్పుడు కాకుండా బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాం.

పాప ఏడాది దాటేదాకా అందులోనే పడుకుంది. బాబాయ్ మాత్రం నెల తిరక్కుండా మళ్లీ మొదలెట్టాడు. ఎవరైనా మెచ్చుకుంటే "నానే సెప్పినాను అలగ సెయ్యమని" అనేవాడు. ఎవరైనా మంచాన్ని నేలమీద పెట్టారేమిటని వెటకారం చేస్తే "నానెప్పుడు సెప్పినాను? మేస్టారే పారేసినాడు చెక్క" అనేవాడు. తర్వాత మేము పెద్ద ఇంటికి మారాం. ఊళ్లోనే ఉన్నాం గనక అప్పుడప్పుడు వచ్చేవాడు. వస్తే మూలమీద దగ్గేవాడు, కుర్చీ కింద చూసేవాడు. ఇప్పుడు ఒకటో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆయన దగ్గు విని "బస్సు తాత వచ్చాడు" అని పరిగెత్తేది.

పోయాడని తెలిసి వెళ్లాను. చాప మీదే ఉన్నాడు. టేకు మంచం మీద బియ్యం బస్తా అలాగే ఉంది. కర్మకాండలయ్యాక, సామాన్లు సర్దుతూ ఆయన కూతురు నన్ను చూసి "మీ మంచం ఇరగ్గొట్టింది మా నాన్నే గదండీ" అంది. అవునన్నాను. పొత్రం సంగతి నవ్వుతూ చెప్పబోయాను. ఆవిడ నవ్వలేదు.

"నాకు ముందు ఒక అన్నయ్య పుట్టినాడండీ" అంది. "ఉయ్యాల తెగి పడిపోయినాడు. బతకనేదు. ఆ రోజు మా నాన్న డ్యూటీలో ఉన్నాడు, ముంచింగిపుట్టులో నైట్ హాల్టు. మర్నాడు బస్సు దింపుకొచ్చేసరికి అంతా అయిపోయింది. ఎలగ తెగిందని అడిగితే మా నానమ్మ సెప్పిందట, మీ ఆవిడ రాయి ముందు ఏసింది, ఆ బరువుకే తాడు నలిగిపోయిందని. మా అమ్మేమో, కాదు, మీ అమ్మ తొందరపెట్టింది, రాయి ఎయ్యకుండానే పిల్లోణ్ణి ఏసీసినామని. ఇద్దరూ సచ్చీదాకా అదే మాట మీద ఉన్నారండీ. ఒకే ఇంట్లో. మా నాన్న ఆవిడ సెప్తే ఆవిడకి తలూపీవోడు, ఈవిడ సెప్తే ఈవిడకి తలూపీవోడు."

ఆ రోజు రాయి వేశారా, వెయ్యలేదా? వేస్తే బాబు పోయాడా, వెయ్యక పోయాడా? ఆ మనిషి బస్సు తోలుకుంటూ ఎన్ని వేల మలుపులు తిరిగి ఉంటాడు, ఇదే తిప్పుకుంటూ. మరి మా మంచంలో ఆ పొత్రం ఎవరి మాట నిలబెట్టడానికి వేశాడు? తల్లి మాటా, పెళ్లాం మాటా? ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ "అయితే కావాలనే వదిలాడు" అంది. అన్నం తింటూ మధ్యలో ఆగి "కాదేమో" అంది.

తరవాతి ఆదివారం విశాఖపట్నం వెళ్లాను. నేను ఏదీ చెప్పకపోవడంతో చెల్లెలు తనే ఒక మంచం కొనేసింది. గట్టిగా, బలంగా, కటకటాలు దగ్గర దగ్గరగా, మా ఆవిడ లెక్కలన్నీ ఉన్న మంచం. మా అమ్మ కూడా అక్కడే ఉంది. సన్నికల్లు రాయి కడిగి పసుపు రాసి సిద్ధంగా పెట్టింది. చిన్నదే, పిడికిలికి కాస్త పెద్దది. "ఒరే, నువ్వెయ్యి, మేనమామవి" అని నా చేతికిచ్చింది. చెల్లెలు పాపని పొదివి పట్టుకుని నిలబడింది.

రాయి నా చేతిలో చల్లగా ఉంది. వెయ్యకపోతే? వేస్తే? అందరూ నన్నే చూస్తున్నారు. మెల్లగా, గుడ్డుని దించినట్టు దించాను. మంచం కిమ్మనలేదు. అమ్మ రాయికి దణ్ణం పెట్టి తీసేసింది. "ఇంక పాపని వెయ్యవే" అంది.

"ఒక్క నిమిషం" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. కింద కూచున్నాను. తర్వాత వెల్లకిలా పడుకుని మంచం కిందకి జరిగాను. ఫోనులో లైటు వేసి, పలకలు ఒక్కొక్కటే వేలితో తడుముతున్నాను. గోటితో కొట్టి వింటున్నాను. ఇంతకుముందు లేని పగులు, ఇప్పుడు ఆ రాయి వల్ల ఏమైనా వచ్చిందా అని. చొక్కా జేబులోంచి చిల్లర రాలి నేలమీద దొర్లింది. ఏమీ కనబడలేదు. కనబడనంత సన్నగా ఉంటే? అటు చూస్తే చెల్లెలి పాదాలు కనబడుతున్నాయి, పసుపు పారాణితో. పాపని ఎత్తుకున్న బరువుకి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాయి.

"ఎలా ఉంది అన్నయ్యా, వెయ్యనా?" అంది పైనుంచి.

నా కుడికాలు నేలని గట్టిగా తొక్కుతోంది.

"బాగుంది" అన్నాను.

రెండో మాట నోట్లోనే పట్టుకుని, పాప బరువు పలకల మీదకి దిగేదాకా ఆ కిందే పడుకుని ఉన్నాను.